పొరుగుసేవల పొదుపు

మన పురపాలక సంఘముల సమావేశములలో ఏటేటా తప్పక దర్శనమిచ్చు అంశ మొకటి కలదు. పొరుగుసేవల పద్ధతిపై పనిచేయుచున్న పారిశుద్ధ్య కార్మికుల కాలపరిమితిని మరియొక సంవత్సరము పొడిగించుటకు కౌన్సిలువారి ఆమోదము కోరుచు కమిషనరుగారు సమర్పించు ఆ నోటు, పైపులైను మరమ్మతులకును షాపుగదుల వేలమునకును నడుమ ఎక్కడో ఎజెండాలో అచ్చగును. తమ వార్డులో వీథిదీపము వెలుగలేదనియు, మంచినీటి ట్యాంకరు రాలేదనియు గంటల కొలది వాగ్యుద్ధము సలుపు కౌన్సిలరు మహాశయులు ఈ అంశము వచ్చునప్పటికి బల్లమీది కాగితములు సర్దుకొనుచుందురు. చైర్మనుగారు అంశముయొక్క సంఖ్యను చదువుదురు; ఎవరో యొకరు 'ఆమోదము' అందురు; గుమాస్తా 'ఆమోదించడమైనది' అని వ్రాసికొనును; ఊరిలోని కొన్నివందల కుటుంబముల ఏడాది బ్రతుకు అంతటితో తీర్మానమైపోవును.

ఈ మౌనము అజ్ఞానమువలన పుట్టినది కాదు. పాలకపక్షమును ప్రతిపక్షమును, అధికారులును పన్ను చెల్లించు గృహస్థులును, తుదకు సంపాదకీయములు వ్రాయు పెద్దలును ఏకగ్రీవముగా అంగీకరించిన యొక అభిప్రాయము దాని వెనుక నున్నది. సంఘము తానే మనుష్యులను కొలువులో పెట్టుకొనుట దుబారా యనియు, ఏజెన్సీ ద్వారా రప్పించుకొనుట పొదుపనియు. నియామకములు కౌన్సిలు చేతిలో నున్నచో సిఫారసులును లంచములును రాజ్యమేలుననియు, నడుమ ఏజెన్సీ యున్నచో ఆ మాలిన్యము సంఘమున కంటదనియు. పర్మినెంటైనవాడు పని మానుననియు, ఎప్పుడు తీసివేతురో యను భీతి గలవాడే వేకువజామున చీపురు పట్టుననియు ఆ యభిప్రాయముయొక్క సారాంశము. ఇది కేవలము దుర్మార్గుల మాటయని కొట్టివేయుటకు వీలులేదు. ఉచితానుచితము లెరిగిన పెద్దలు, స్వయముగా ఏ లాభమును పొందనివారు, లోకానుభవమున నేర్చిన పాఠమువలె దీనిని చెప్పుచుందురు. అందువలననే దీనిని సవిస్తరముగా ఖండింపవలసివచ్చుచున్నది. దుష్టుల యబద్ధము ఊరికి చేయు కీడుకంటె సజ్జనులు నమ్మిన యబద్ధము చేయు కీడు దీర్ఘకాలికము.

ముందుగా ఈ పద్ధతి ఎట్లు వచ్చినదో స్మరించుట యావశ్యకము. ఎవరో అర్థశాస్త్రవేత్తలు లెక్కలు కట్టి పొదుపుకొరకు దీనిని ప్రవేశపెట్టిరని చాలమంది నమ్ముచున్నారు గాని, నిజమునకు ఇది యొక నిషేధమును తప్పించుకొనుటకు కనుగొన్న దారి. ఒకప్పుడు మన ప్రభుత్వ శాఖలలోను స్థానిక సంస్థలలోను ఖాళీలు ప్రకటింపక, మంజూరైన పోస్టులతో నిమిత్తము లేక, ఎన్.ఎం.ఆర్. (నామినల్ మస్టరు రోలు) పేరను దినవేతనము పేరను వేలకొలది జనులను చేర్చుకొనుట పరిపాటిగా నుండెను. వారందరు క్రమబద్ధీకరణ కోరి న్యాయస్థానముల కెక్కగా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1994లో ఆ సంవత్సరపు రెండవ చట్టముగా ప్రభుత్వ కొలువుల నియామకములను నియంత్రించు శాసనమును చేసి, దినవేతన నియామకములను నిషేధించెను. అదే యేడు ఏప్రిల్ 22న వెలువడిన 212వ నంబరు జీ.వో., 1993 నవంబరు 25 నాటికి ఐదేండ్ల సర్వీసు నిండినవారిని కొన్ని నిబంధనలకు లోబడి క్రమబద్ధీకరించుటకు వీలు కల్పించి, తక్కినవారికి తలుపు మూసివేసెను. చట్టముయొక్క ఉద్దేశము శ్లాఘనీయమే. దొడ్డిదారి నియామకములు ఆగవలెననియే దాని యాశయము. కాని ఊరు పెరుగుట ఆగలేదు; చెత్త పెరుగుట ఆగలేదు; ఉన్న కార్మికులు పదవీవిరమణ చేయుటయు ఆగలేదు. క్రొత్తవారిని నియమించుటకు పైనుండి అనుమతి రాదాయెను. అప్పుడు అధికారుల బుద్ధికి ఒక సూక్ష్మము తట్టినది: చట్టము మనిషిని పెట్టుకొనరాదన్నది గాని పనిని గుత్తకిచ్చుకొనరాదనలేదు. అంతట మనిషినే పనిగా మార్చి గుత్తకిచ్చిరి. దొడ్డిదారిని మూయుటకు చేసిన చట్టము ఆ విధముగా దొడ్డిదారిని గుత్తేదారు ఇంటికి మార్చినది. అంతకంటె వేరుగా జరిగినదేమియు లేదు.

2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఉమాదేవి వ్యాజ్యమున ఇచ్చిన తీర్పును మన కమిషనర్ల నోట్లలో తరచుగా చూతుము. నియమవిరుద్ధముగా చేరినవారిని క్రమబద్ధీకరించుట, బయట వరుసలో నిలిచి వేచియున్న అసంఖ్యాకులైన నిరుద్యోగులకు అన్యాయము చేయుటయే యని ఆ తీర్పు పలికినమాట నిజము. అయితే ఆ తీర్పునకు రెండవ భాగమును కలదు. మంజూరైన పోస్టులలో పదేండ్లకు పైబడి పనిచేసినవారి విషయమును ఒక్కసారి పరిశీలించి పరిష్కరింపుడనియు, క్రమబద్ధముగా నింపవలసిన ఖాళీలను క్రమబద్ధముగా నింపుడనియు ధర్మాసనము ఆదేశించినది. మనవారు మొదటి భాగమును పటము కట్టించి గోడకు తగిలించిరి. రెండవ భాగమును బీరువాలో పెట్టి తాళము వేసిరి. ఈ కపటమును న్యాయస్థానమే గుర్తించినది. ఏండ్ల తరబడి నిత్యకృత్యములు చేయించుకొని, ఉమాదేవి తీర్పును కవచముగా ధరించుట తగదని 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వ కార్యాలయమున ఊడ్చు స్త్రీల వ్యాజ్యమునందును, మరుసటి నెలలో ఘాజియాబాదు నగరపాలక సంస్థ తోటమాలుల వ్యాజ్యమునందును చెప్పినది. ఈ రెండు వ్యాజ్యములలోను వాదులు ఊడ్చువారును మొక్కలకు నీరుపోయువారును అగుట యాదృచ్ఛికము కాదు.

ఇక పొదుపు మాట విచారింతము. ఏజెన్సీ యనునది ఊరికి చేయుచున్న సేవ ఏమి? చీపురు సంఘముది. తోపుడుబండియు ట్రాక్టరును సంఘమువే. మస్టరు వేయువాడు సంఘపు మేస్త్రీ. ఏ వీథి ఊడ్వవలెనో, ఏ కాలువలో పూడిక తీయవలెనో చెప్పువాడు సంఘపు శానిటరీ ఇన్స్పెక్టరు. జీతమెంతయో నిర్ణయించునది ప్రభుత్వపు జీ.వో. తుదకు ఏజెన్సీకి మిగిలిన కార్యము, నెలకొక బిల్లు వ్రాసి, వచ్చిన సొమ్ములో తన కమీషను మినహాయించుకొని, మిగిలినది పంచుట. కోజికోడు ప్రాంతపు కర్మాగారమునకు సంబంధించిన వ్యాజ్యమున 1978లోనే జస్టిస్ కృష్ణయ్యరు, నడుమ ఎన్ని తెరలు కట్టినను ఎవరి వ్యాపారము ఆ శ్రమపై నిలిచియున్నదో వారే నిజమైన యజమానులని తేల్చియున్నారు. అదే మనిషికి అదే జీతము సంఘమే చెల్లించినచో కమీషను మిగులవలెనే గాని ఖర్చు పెరుగుట కవకాశము లేదు. కావున పొదుపనునది ఏమైన నున్నచో అది ఏజెన్సీ నేర్పునుండి వచ్చినది కాదు; జీతమునుండియే వచ్చినది.

ఇందులకు నిదర్శనము హైదరాబాదు మహానగరమే చూపినది. 2015 జూలైలో అచటి పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేయునాటికి వారి నెలజీతము 8,500 రూపాయలు. సమ్మె నడుచుచుండగానే దానిని 12,500కు పెంచుచున్నట్లు ముఖ్యమంత్రి ప్రకటించిరి. కొలది దినములలో నాలుగువేలు పెంచగలిగిన ఖజానా, అంతకు పూర్వము ప్రతినెల ఆ నాలుగువేలను ఎవరి కంచమునుండి తీసి పొదుపు చేసినది? తక్కువ జీతమిచ్చుట ఆర్థికనైపుణ్య మగునెడల, జీతమే ఈయకుండుట ఆర్థికనైపుణ్యమునకు పరాకాష్ఠ కావలెను. సమానమైన పనికి సమానమైన వేతనము తాత్కాలికులకును వర్తించునని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు పంజాబు వ్యాజ్యమున స్పష్టముగా చెప్పిన తరువాతను, ఒకే వీథిలో ఒకే చీపురు పట్టి ఊడ్చు ఇద్దరిలో ఒకరికి పింఛనుతో కూడిన వేతనమును, వేరొకరికి అందులో కొంతభాగమును ఇచ్చుచు దానిని పాలనాదక్షత యని పిలుచుకొనుచున్నాము.

ఈ పొదుపులో ఇంకొక మర్మమును కలదు: ఇది ఈనాటి ఖర్చును రేపటి కౌన్సిలు నెత్తిన పెట్టును. మినహాయించిన భవిష్యనిధి సొమ్మును జమచేయక ఏజెన్సీ కనుమరుగైనచో, చట్టము ప్రధాన యజమానిగా పట్టుకొనునది సంఘమునే. ముంబయి నగరపాలక సంస్థ చెత్త ఎత్తువారిచే కాంట్రాక్టర్లపేర ఏండ్ల తరబడి పని చేయించుకొని, న్యాయస్థానములలో సుదీర్ఘముగా పోరాడి, తుదకు 2017లో సుప్రీంకోర్టులోను ఓడి 2,700 మందిని పర్మినెంటు చేయవలసివచ్చెను. వకీళ్ల ఫీజులు, బకాయిలు, అన్నియు కలిపి చూచినపుడు ఆ పొదుపు ఎంత మిగిలెనో ముంబయివారినే అడుగవలెను. ఈ మోజును లోకమునకు నేర్పిన ఇంగ్లండు సైతము 1988 నాటి శాసనముచే వీథులు ఊడ్చుటను చెత్త తీయుటను తప్పనిసరిగా టెండరునకు పెట్టవలెనని పురపాలకులను నిర్బంధించి, 1999లో మరియొక శాసనము చేసి ఆ నిర్బంధమును ఎత్తివేసినది. మనము మాత్రము వారు విడిచిన అంగీని పండుగబట్టగా తొడుగుకొని తిరుగుచున్నాము.

నియామకము కౌన్సిలు చేతిలో నున్నచో అవినీతి యగునను వాదము వినుటకు ఇంపుగా నుండును. మన ప్రాంతమున పురపాలనకును లంచమునకును గల చుట్టరికము నిన్నటిది కాదు. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు వివేకవర్ధని స్థాపించిన 1874 నుండియు అధికారుల అక్రమములు మన పత్రికలకు వస్తువులే. రోగము సత్యము; చెప్పుచున్న మందే కల్ల. ఆశ్రితపక్షపాతమను ఈ వ్యాధికి లోకమున పరీక్షింపబడిన చికిత్స ఒక్కటే కలదు: ఖాళీని బహిరంగముగా ప్రకటించుట, అర్హతను ముందే నిర్ణయించుట, అందరిని ఒకే కొలబద్దతో కొలిచి ఎన్నుకొనుట. ఇంగ్లండులో 1854 నాటి నార్త్‌కోట్–ట్రెవెలియన్ నివేదిక ఈ మార్గమునే సూచించినది. అమెరికాలో ఆశించిన పదవి దొరకని యొకడు 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డును కాల్చిన తరువాత, 1883లో పెండిల్టను చట్టము ఈ మార్గమునే పట్టినది. ఆశ్రితుల బెడద తీరుటకు కొలువులను గుత్తేదారునకు అప్పగింపుడని ఆ రెండు దేశముల సంస్కర్తలలో ఎవరును చెప్పియుండలేదు.

ఏజెన్సీ వచ్చిన పిమ్మట సిఫారసు పోయినదా? సిఫారసు చేయువాని చిరునామా మాత్రము మారినది. కౌన్సిలరుగారు ఇచ్చిన పేరును గుత్తేదారు కాదనలేడు, ఏలయన వచ్చే ఏడు టెండరు ఆ కౌన్సిలరుల చేతిమీదుగానే పోవలెను. పూర్వము అక్రమ నియామకము జరిగినచో ఫైలుండెడిది, సంతకముండెడిది, ఆడిటు అభ్యంతరముండెడిది. దరఖాస్తు చేసి విఫలుడైనవానికి న్యాయస్థానమున కెక్కుటకు హక్కు ఉండెడిది. ఖాళీలను ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజికి తెలిపిన చాలదు, పత్రికలలోను ప్రకటింపవలెనని 1996లో సుప్రీంకోర్టు మన కృష్ణాజిల్లా ఎక్సైజు సూపరింటెండెంటు వ్యాజ్యముననే చెప్పియుండెను. గుత్తేదారుని పట్టికలో పేరెక్కుటకు ప్రకటన లేదు. పేరు తీసివేయుటకు సంజాయిషీ లేదు. పాలకపక్షము మారిన మరునాడే పాతవారిని తొలగించి క్రొత్తవారిని చేర్చుకొన్న ఊళ్లు మనకు తెలియనివి కావు. అవినీతికి సాక్ష్యముండకుండ చేయుటను అవినీతినిర్మూలన మనుట ఏ తర్కమో నాకు బోధపడదు.

ఇచటనే తెలుగువారు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. స్థానికుల కొలువులు స్థానికులకే యను నినాదము మన చరిత్రను నడిపించినంతగా మరి ఏ నినాదమును నడిపింపలేదు. హైదరాబాదు సంస్థానమున 1919 నాటి ముల్కీ నిబంధనలు. 1952లో ఆ నిబంధనలకొరకు విద్యార్థులు వీథుల కెక్కగా జరిగిన కాల్పులు. నివాసార్హతను విధించు 1957 నాటి చట్టముయొక్క తెలంగాణ నిబంధనను 1969లో సుప్రీంకోర్టు కొట్టివేయుట. 1972లో అదే న్యాయస్థానము ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పుచెప్పగా కోస్తా సీమలలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగుట. 1973లో ఆరు సూత్రముల పథకము, దాని ఫలముగా రాజ్యాంగమున 371-డి అధికరణము. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు — ఇన్ని రక్తపాతముల, ఇన్ని రాజీల పర్యవసానముగా జిల్లాలోని క్రింది శ్రేణి కొలువులలో నూటికి ఎనుబది స్థానికులకు చెందవలెనను నియమము స్థిరపడినది. తెలంగాణమున 2018 ఉత్తర్వు దానిని తొంబదియైదునకు పెంచినది. 371-డి అధికరణము ప్రభుత్వ శాఖలనే గాక స్థానిక సంస్థల కొలువులను గూడ పేర్కొన్నది.

అయితే ఈ నియమము దేనికి వర్తించును? పోస్టునకు వర్తించును, నేరుగా జరుగు నియామకమునకు వర్తించును. ఏజెన్సీ పంపిన మనిషి ఏ పోస్టునందును లేడు. అతనిని ఎవరును నియమింపలేదు. అతడు చట్టము దృష్టిలో బిల్లులోని యొక పంక్తి. కావున స్థానిక కోటా అతని దరికి రాదు. షెడ్యూల్డు కులముల, తెగల, వెనుకబడిన తరగతుల రిజర్వేషనును నిర్ణయించు రోస్టరు గూడ హక్కుగా అతనిని చేరదు. ఏ ప్రభుత్వమైన దయతలచి పాటించినచో అది దయయే. ప్రాణములొడ్డి సాధించుకొన్న రక్షణ కాగితముపై చెక్కుచెదరక యుండగా, దాని క్రిందనుండి కొలువులు ఒక్కటొక్కటిగా జారిపోయినవి. దీనికొరకు ఏ నాయకుడును నిరాహారదీక్ష చేయలేదు. విచిత్రమేమనగా, ఈ కొలువులను బయటికి పంపు తీర్మానమునకు చేయెత్తిన కౌన్సిలరులే మరుసటి అంశముగా, ఏజెన్సీవారు మన యూరి యువకులనే తీసికొనవలెనని తీర్మానము ప్రతిపాదింతురు. నివాసమునుబట్టి ప్రభుత్వ కొలువులలో భేదము చూపుటకు రాజ్యాంగము పదునారవ అధికరణమున పార్లమెంటునకే తప్ప శాసనసభకు సైతము అధికారమీయలేదు. ఇక పురపాలక సంఘపు తీర్మానమున కెంత విలువ? చట్టము నిశ్చయముగా ఇచ్చిన స్థానిక హక్కును చేతులార వదలుకొని, చట్టమున నిలువని స్థానిక హక్కును గుత్తేదారుని బ్రతిమాలుకొనుట మన పౌరపాలనకు చెల్లినది.

పర్మినెంటువాడు పనిచేయడను మాటను కొంత సావధానముగా వినవలెను. అది పూర్తిగా అసత్యము కాదు గనుక. జీతము తాను పుచ్చుకొని, అందులో కొంతభాగమిచ్చి బినామీని పనికి పంపువారు మన పురములలో నుండిరి, ఉన్నారు. దీనిని కార్మికసంఘముల నాయకులు దాచిపెట్టుట తప్పు. కాని బినామీ పనిచేయుచున్నాడని ఊరంతకును తెలిసినపుడు మేస్త్రీకి తెలియదా, ఇన్స్పెక్టరునకు తెలియదా? తెలిసియు మస్టరు వేయుటకు వారికి ముట్టు భాగమును నిరోధించుటకు క్రమశిక్షణా నియమములు చాలవా? పర్యవేక్షకుని దోషమునకు పోస్టును రద్దుచేయుట, కాపలావాడు నిదురపోయెనని ఇల్లు కూల్చుకొనుట వంటిది. ఆ పర్యవేక్షకుడే యేజెన్సీ పద్ధతిలోను కొనసాగుచున్నాడు గదా! అందువలననే దొంగ మస్టర్లు అచటికిని వెంట వచ్చినవి. హాజరునకు వేలిముద్రల యంత్రములు పెట్టినపుడు కృత్రిమమైన వేలిముద్రలను తయారుచేసి రానివారికి హాజరు వేసిన ఉదంతములు హైదరాబాదునందే బయటపడినవి.

భయమే పని చేయించునను సిద్ధాంతముయొక్క ఫలితము మ్యాన్‌హోలువద్ద కనబడును. పాకీపనిని నిషేధించుచు 2013లో చేసిన చట్టము, రక్షణ సాధనములు లేక మనిషిని మురుగుకాలువలో దింపరాదని శాసించినది. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు పదిలక్షలు చెల్లింపుడని 2014లోను, ఆ మొత్తమును ముప్పదిలక్షలకు పెంచుచు 2023లోను సుప్రీంకోర్టు ఉత్తరువు లిచ్చినది. కోలారు బంగారు గనుల కాలనీలో తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్ ఈ మరణముల లెక్క తీయుచునే జీవితము గడపి, 2016లో మెగసేసే బహుమానము పొందిరి. ఇంత జరిగినను మనుష్యులు దిగుచునే యున్నారు. దిగనని చెప్పగల ధైర్యము రేపటి కొలువు నిశ్చయమైనవానికి ఉండును గాని, దిగనన్నచో రేపు పేరుండదని తెలిసినవానికి ఎట్లుండును? చనిపోయిన పిదప వాడు మా మనిషి కాడని సంఘమును, ఆ పని మేము చెప్పలేదని గుత్తేదారును చెప్పుటకు వీలుగా ఏర్పడిన పద్ధతియే ఇది. దీనిని దక్షత యందురా?

ఇక చెప్పుటకు కష్టమైనను చెప్పక తప్పని మాట. మన పురములలో చీపురు పట్టువారెవరు? కోస్తా పట్టణములలో రెల్లివారు, అంతటను మాదిగలు, హైదరాబాదున మెహతరులు. తరతరములుగా ఊరు వారిచే ఈ పని చేయించుకొని, తోటీలని పిలిచి, వీథి చివర నిలువబెట్టినది. ఇరువదవ శతాబ్దమున మొట్టమొదటిసారిగా ఈ పనికి నెలజీతము, సెలవు, పింఛను, పనిలో ఉండగా చనిపోయినచో బిడ్డకు కొలువు కలిగినవి. ఆ నెలజీతముతో చదువుకొన్న పిల్లలు గుమాస్తాలును ఉపాధ్యాయులును అయినవారు ప్రతి పట్టణమునను గలరు. పని మారలేదు గాని పోస్టు వారిని పౌరులుగా చేసినది. సరిగా ఆ సమయముననే పోస్టు లేకుండ పోయినది. తక్కిన శాఖలలో పొరుగుసేవలు తరువాత ప్రవేశించినవి. ఇచట ముందుగా ప్రవేశించి సంపూర్ణముగా ఆక్రమించినవి. పోస్టునకు బదులుగా వారికి మనము సన్మానములను ప్రసాదించుచున్నాము. 2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళావద్ద ప్రధానమంత్రి ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల పాదములు కడిగిరి; మన నాయకులు సఫాయన్నకు సలామనిరి. పాదములు కడుగుటకు బడ్జెటు అక్కరలేదు.

ఆంధ్రప్రదేశములో 2020లో పని ప్రారంభించిన, పొరుగుసేవల ప్రభుత్వ సంస్థ యగు ఆప్కాస్ ఈ విషయమున అర్ధసంస్కారము. దళారులను తొలగించి, జీతము నేరుగా కార్మికుని బ్యాంకు ఖాతాలో వేయుట మేలైన పనియే. దానిని మెచ్చుకొనుటకు సంకోచింప నక్కరలేదు. కాని ఆ సంస్థ ఏర్పాటే నా వాదమునకు సాక్ష్యము పలుకుచున్నది. ప్రైవేటు ఏజెన్సీ పొదుపనియు, అవినీతికి మందనియు చెప్పినవారే దానివలన అవినీతి పెచ్చుమీరినదని అంగీకరించి ప్రభుత్వ ఏజెన్సీని పెట్టవలసివచ్చినది గదా! ఏజెన్సీ ప్రభుత్వముదైనను ఏజెన్సీయే. కార్మికునికి పోస్టు లేదు. ఆ కారణముననే 2023 డిసెంబరు 26న ఆ రాష్ట్రపు పుర కార్మికులు సమ్మె ప్రారంభించి పక్షము దినములు ఊళ్లను చెత్తలో ముంచిరి. ఊరు కంపుకొట్టిన నాడు గాని ఊడ్చువాడు కనబడకపోవుట మన నాగరకతకు కళంకము. కావున ఆ సమ్మెను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

ప్రతిపక్షులు తుదకు చట్టమును ఆశ్రయింతురు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమునకు 2003లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణయు, దానిని అనుసరించి 2020లో పార్లమెంటు చేసిన వృత్తిభద్రతా స్మృతియు సంస్థయొక్క ప్రధానకార్యమునందు కాంట్రాక్టు శ్రమను నిషేధించి, పారిశుద్ధ్యమును ప్రధానకార్యములనుండి మినహాయించినవి గదా యందురు. మినహాయించిన మాట నిజమే. కాని ఎవరికి? ఊడ్చుటకొరకు ఏర్పడని సంస్థకు. సిమెంటు కర్మాగారమునకు ఊడ్పు ప్రధానకార్యము కాదు, సినిమాహాలునకు కాదు. పురపాలక సంఘము మరి దేనికొరకు ఏర్పడినది? రాజ్యాంగము పండ్రెండవ షెడ్యూలులో పురపాలకులకు ఉద్దేశించిన పదునెనిమిది విధులలో ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఘనవ్యర్థముల నిర్వహణ ఆరవది. ఊడ్పు ప్రధానకార్యము కాదని ఒప్పుకొను పురపాలక సంఘము తన యస్తిత్వమును తానే నిరాకరించుకొనుచున్నది. పుష్కరములు వచ్చినపుడు పండ్రెండు దినములకు, వరదవచ్చినపుడు వారమునకు మనుష్యులను తాత్కాలికముగా పెట్టుకొనుడు, ఎవరును వలదనరు. ప్రతియుదయము సూర్యునితోపాటు వచ్చు పని తాత్కాలిక మెట్లగును?

డబ్బులేదను మాట మిగిలినది. పోస్టు మంజూరు చేయు అధికారము రాష్ట్రప్రభుత్వము చేతిలో నున్నదనియు, కౌన్సిలు నిమిత్తమాత్రమనియు చెప్పుటలో న్యాయమున్నది. ఈ నేరములో పెద్దభాగము రాష్ట్రముదే. పన్నులు పెంచుటకు మన పురపాలకులు భయపడుటకును కారణము లేకపోలేదు. చీరాల పేరాలలను మునిసిపాలిటీగా చేసినపుడు పన్నులు మోయలేక, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట జనమంతయు ఊరు వదలి రామనగరున గుడిసెలు వేసికొని నెలల తరబడి నివసించిన దేశమిది. అయితే ఆనాటి ప్రజలు పన్నును తిరస్కరించి, దానితోపాటు మునిసిపాలిటీ సౌకర్యములను గూడ తిరస్కరించిరి. ఊరు ఊడ్పించుకొని, ఆ ఊడ్పు ఖరీదును ఊడ్చువాని కూలినుండియే వసూలుచేసికొనవలెనని వారు కోరలేదు.

కౌన్సిలరులకు నా విన్నపము స్వల్పము. పొడిగింపు నోటు మరల మీ ముందునకు వచ్చినపుడు, చేయెత్తుటకు ముందు దానితోపాటు ఒక పట్టికను అచ్చువేయింపుమని కమిషనరుగారిని అడుగుడు: సంఘమునకు మంజూరైన పారిశుద్ధ్య పోస్టు లెన్ని, వానిలో ఖాళీ లెన్ని, అవి ఏ సంవత్సరము నుండి ఖాళీగా నున్నవి, పొరుగుసేవలలో నున్న ఒక్కొక్కరు ఎన్నేండ్లుగా పనిచేయుచున్నారు, ఒక్కొక్కరి నిమిత్తము సంఘము చెల్లించున దెంత, కార్మికుని చేతికి చేరున దెంత. ఆ పట్టిక వచ్చువరకు అంశమును వాయిదా వేయుడు. వచ్చిన పిమ్మట, ఖాళీలన్నింటిని బహిరంగ ప్రకటనతో, రోస్టరుతో, పనిచేసిన యేండ్లకు తగిన మార్కులిచ్చి నింపుటకు అనుమతి కోరుచు ప్రభుత్వమునకు తీర్మానము పంపుడు. తీర్మానము చేయు అధికారమును మీ నుండి ఇంకను ఎవరును గుత్తకు తీసికొనలేదు.